విశాఖ – అరకు – పాడేరు – లంబసింగి సైకిల్ యాత్ర: పదకొండు మందికి రోజులు, గేర్లు, బ్రేకులు ఎలా కుదుర్చుకోవాలి?

పెందుర్తి పెడల్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నవంబరు చివరి వారంలో పదకొండు మందిమి సైకిళ్ల మీద విశాఖ నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు ఎక్కి, పాడేరు, లంబసింగి చూసుకుని, నర్సీపట్నం, అనకాపల్లి దారిన వెనక్కి రావాలనుకుంటున్నాం. మొత్తం సుమారు 325 కి.మీ. మూడు రోజులకి లెక్క వేశాం. మొదటి రోజు అరకు (115), రెండో రోజు లంబసింగి (95), మూడో రోజు విశాఖ (115).

సైకిళ్లు ఇవి: ఏడు హైబ్రిడ్లు (ముందు 48-38-28 పళ్లు, వెనక ఏడు గేర్ల 14-28 ఫ్రీవీల్, అంటే వెనక పళ్ల చక్రాల కట్ట, రిమ్ముని రబ్బర్లతో పట్టే వీ-బ్రేకులు), రెండు రోడ్ బైకులు (50-34, వెనక 11-28), ఒక ఎంటీబీ (కొండదారి సైకిలు, డిస్క్ బ్రేకులు), ఒకటి గేర్లు లేనిది (44 పళ్ల ముందు చక్రం, 18 పళ్ల ఫ్రీవీల్). వయసు 24 నుంచి 58 దాకా. చదును రోడ్డు మీద 80–100 కి.మీ. అందరికీ అలవాటే, ఘాట్ ఎక్కి దిగినవాళ్లు మాత్రం ముగ్గురే.

నాలుగు విషయాలు చెప్పండి. మూడు రోజులు సరిపోతాయా? ఈ గేర్లతో ఘాట్ ఎక్కగలమా? దిగేటప్పుడు వీ-బ్రేకులు ఆగుతాయా? సామాను మోసే బండిని మా వెనక నడిపించాలా, ముందు పంపాలా?

తూర్పుకనుమ:

మొదటి రోజు కుదరదండీ. గడియారం పెట్టి చూడండి. తెల్లవారి 5కి బయలుదేరి గంటకు 18 కి.మీ. చొప్పున పోతే ఎస్.కోట (శృంగవరపుకోట) చేరేసరికి దాదాపు 8. పదకొండు మంది టిఫిను తిని, సీసాలు నింపుకుని కదలడానికి 45 నిమిషాలు. బొడ్డవర దాటాక అసలు ఎక్కుడు మొదలవుతుంది. ఎస్.కోట నుంచి గాలికొండ దాకా 40 కి.మీ. చిల్లర, వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. కొత్తవాళ్లున్న గుంపు ఘాట్ మీద గంటకు 8 కి.మీ. దాటదు. అంటే 5 గంటలు, ఆగే వేళలు కలిపితే 6. గాలికొండ చేరేసరికి మధ్యాహ్నం 2:45. అక్కడి నుంచి సుంకరమెట్ట మీదుగా అరకు 25 కి.మీ. పైమాటే, అంతా దిగుడే అనుకోకండి, నడుమ ఎక్కుళ్లున్నాయి. అన్నీ సవ్యంగా జరిగితే 4:30కి అరకు. నవంబరు చివర అక్కడ అయిదున్నరకల్లా చీకటి పడుతుంది. రెండు పంక్చర్లు, ఒకరికి పిక్క పట్టేయడం, ఈ మాత్రం చాలు, చివరి 10 కి.మీ. చీకట్లో తొక్కాల్సి వస్తుంది. పదకొండు మందిలో ఆ మాత్రం జరగని రోజు ఉండదు.

నాలుగు రోజులు చేసుకోండి. మొదటి రోజు అనంతగిరి వరకే, 85–90 కి.మీ. అక్కడ పర్యాటక శాఖ హరిత రిసార్టు ఉంది, ప్రైవేటు బసలూ ఉన్నాయి. రెండో రోజు గాలికొండ ఎక్కి, అరకులో భోంచేసి, హుకుంపేట మీదుగా పాడేరు, సుమారు 75. మూడో రోజు పాడేరు నుంచి లంబసింగి, 50 చిల్లర. ఇది చూడ్డానికి చిన్న రోజులా ఉంటుంది గానీ దారంతా ఎగుడుదిగుడు, ఒక్క పెద్ద ఎక్కుడు కంటే చిన్నవి ఇరవై ఎక్కడమే కాళ్లని ఎక్కువ పీలుస్తుంది. పైగా ఆ సాయంత్రం బ్రేకులు చూసుకోవడానికి వెలుతురు మిగలాలి. నాలుగో రోజు లంబసింగి ఘాట్ దిగి డౌనూరు, నర్సీపట్నం, అనకాపల్లి, విశాఖ. సుమారు 115, డౌనూరు తర్వాత దాదాపు చదునే.

మూడు రోజులే దొరికితే మొదటి ఎక్కుడు వదిలేయండి. విశాఖ–కిరండూల్ రైల్లో సైకిళ్లు బ్రేక్ వ్యానుకి (సామాను పెట్టెకి) బుక్ చేసి అరకులో దిగండి. పార్సిల్ ఆఫీసుకి ముందు రోజే వెళ్లి, పదకొండు సైకిళ్లు ఒకే బండికి ఎక్కుతాయో లేదో తేల్చుకోవాలి. విడిగా వచ్చే పెడళ్లు, సీసాలు, లైట్లు తీసేసి ఇవ్వండి.

దారి సంగతి. పాడేరు–అరకు దారి, లంబసింగి వైపు దారి 516ఈ జాతీయ రహదారి కిందికి వస్తాయి. విస్తరణ పనులు జరిగే చోట కంకర పరిచి వదిలేస్తారు, కల్వర్టు దగ్గర పక్కకి మట్టి దారి వేస్తారు. 25 ఎం.ఎం. టైరు అక్కడ నడవదు. వారం ముందు పాడేరు, అరకు జీపు డ్రైవర్లని అడగండి, ఏ కిలోమీటరు దగ్గర ఎలా ఉందో మ్యాపు కంటే వాళ్లకే బాగా తెలుసు. దారిలో సంత ఏ ఊళ్లో ఏ రోజో కూడా అప్పుడే అడగండి. సంత రోజు జీపులు, ఆటోలు, తలమీద మూటలతో జనం, అంతా ఆ ఇరుకు రోడ్డు మీదే. వాళ్ల రోడ్డు అది, మనమే దిగి నడిపించుకుని పోవాలి.

శని, ఆదివారాలు లంబసింగిలో పడకుండా చూసుకోండి. మంచు చూడ్డానికి వచ్చే కార్లతో తెల్లవారుజామున ఘాట్ నిండిపోతుంది.

స్పోకు కీ:

గేర్లు, బ్రేకుల సంగతి నేను చెబుతాను.

ఘాట్ మీద చూడాల్సింది ఒక్కటే: అతి చిన్న గేరులో, నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పితే సైకిలు ఎంత వేగంతో పోతుంది? ఆ వేగాన్ని నిలబెట్టే బలం మీ కాళ్లలో గంటల తరబడి ఉందా? ముందు పళ్లని వెనక పళ్లతో భాగించి, 2.1 మీటర్ల చక్రం చుట్టుకొలతతో గుణిస్తే ఒక్క తిప్పుకి ఎంత దూరమో వస్తుంది.

మీ హైబ్రిడ్లలో 28/28 అంటే 1.0. 60 తిప్పులకి గంటకు 7.5 కి.మీ. పరవాలేదు. రోడ్ బైకుల్లో 34/28 అంటే 1.21, గంటకు 9 చిల్లర. మనిషి, సైకిలు కలిపి 85 కిలోలైతే 6 శాతం ఎక్కుడులో ఆ వేగానికి దాదాపు 140 వాట్లు కావాలి, 8 శాతం మలుపుల్లో 180 దాటుతుంది. అలవాటున్నవాడికి 140 సరే, లేనివాడికి అయిదు గంటలు కష్టం. వాడు నెమ్మదించాలనుకున్నా గేరు లేక నిమిషానికి 45 తిప్పులకి పడిపోతాడు, అప్పుడు భారమంతా మోకాలి మీదకి వస్తుంది. మోకాలి చిప్ప కింద నొప్పి రెండో రోజు పొద్దున్న బయటపడుతుంది.

చేయాల్సింది ఇది. రోడ్ బైకులకి 11-32 క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట) వేయించండి. ముందుగా వెనక డెరైల్యూర్ (చైనుని గేరు నుంచి గేరుకి జరిపే భాగం, దాని కింద వేలాడే చేయే కేజ్) పొట్టి కేజ్‌దా, మధ్యరకమా చూడండి. పొట్టిదైతే చాలావాటికి 28 లేదా 30 పళ్లే హద్దు. క్యాసెట్ పెద్దదైతే చైను కూడా పొడవు పెరగాలి. ముందు పెద్ద పళ్ల చక్రం, వెనక పెద్ద పళ్ల చక్రం మీద చైను వేసి చూస్తే డెరైల్యూర్ పూర్తిగా సాగిపోయి బిగుసుకోకూడదు. పాత చైనే ఉంచి 32 వేస్తే ఎవరో పొరపాటున 50-32లోకి మారిన క్షణంలో హ్యాంగర్ (డెరైల్యూర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) విరుగుతుంది.

హైబ్రిడ్లకి 14-34 ఫ్రీవీల్ వేయించగలిగితే 28/34, అంటే 0.82, గంటకు 6.2 కి.మీ.కి దిగుతుంది. అదే 6 శాతానికి 95 వాట్లు చాలు. 58 ఏళ్లాయనకి ఇది తప్పనిసరి అనుకోండి. వేశాక డెరైల్యూర్ మీది బి-స్క్రూ తిప్పి, చైను తిరిగే పై చిన్న చక్రం (జాకీ చక్రం) 34 పళ్ల చక్రానికి రుద్దుకోకుండా దూరం జరపాలి. చాలా షాపుల్లో ఈ పని మరిచిపోతారు.

గేర్లు లేని సైకిలు వద్దు. 44/18 అంటే 2.44. 60 తిప్పులకి గంటకు 18 కి.మీ. పోవాలి, 6 శాతంలో దానికి 280 వాట్లకు పైనే కావాలి. నిమిషానికి 40 తిప్పులకి లాక్కొచ్చినా 190 దగ్గర ఉంటుంది. ఫ్రీవీల్‌ని 22 పళ్లకి మార్చినా సరిపోదు. ఆయన సగం ఘాట్ నడుస్తారు, మిగతా పది మంది చలిలో ఎదురుచూస్తారు. అద్దెకో అరువుకో గేర్ల సైకిలు తెచ్చుకోమనండి. రెండు వారాల ముందే తెచ్చుకుని సీటు ఎత్తు కుదుర్చుకోవాలి.

ఇంకో సంగతి. ఘాట్ మీద రోజంతా అతి చిన్న గేరులోనే ఉంటారు, అంటే చైను వెనక స్పోకుల పక్కనే నడుస్తుంది. హ్యాంగర్ కాస్త లోపలికి వంగి ఉన్నా, చైను లోపలి హద్దు కుదిర్చే ఎల్ స్క్రూ వదులుగా ఉన్నా చైను దాటి స్పోకుల్లో పడుతుంది, డెరైల్యూర్ చక్రంలోకి చుట్టుకుపోతుంది. విశాఖలో చదును రోడ్డు మీద ఆ గేరు వాడరు కాబట్టి లోపం కనిపించదు. బయలుదేరే ముందు ప్రతి సైకిలుని స్టాండు మీద ఎత్తి, చిన్న గేరులో వేసి, షిఫ్టర్‌ని ఇంకా లోపలికి వేలితో నెట్టి చూడండి. చైను దాటకూడదు. రైల్లోనో బండిలోనో కుడి పక్కకి పడుకోబెట్టి తెచ్చిన సైకిలుకి దిగాక మళ్లీ చూడాలి.

ఇక దిగుడు. మనిషి, సైకిలు, సంచి కలిపి 95 కిలోలు, 900 మీటర్లు దిగితే 800 కిలోజౌళ్లకు పైగా శక్తి ఎక్కడికో పోవాలి. కొంత గాలి తీసుకుంటుంది, మిగిలినది వేడిగా మారి రిమ్ముల్లోకి, డిస్కుల్లోకి వెళుతుంది. భయంతో బ్రేకు పట్టి ఉంచి 15 కి.మీ. వేగంతో దిగేవాడికి గాలి సాయం దాదాపు ఉండదు, వేడంతా రిమ్ముకే. రిమ్ము కాలిపోతే లోపలి ప్లాస్టిక్ టేపు మెత్తబడుతుంది, ట్యూబు స్పోకు రంధ్రంలోకి ఉబ్బి పేలుతుంది. ముందు చక్రంలో అది జరిగితే మలుపులో సైకిలు చేతిలో ఉండదు. అందుకని ప్లాస్టిక్ టేపు తీసేసి గుడ్డ రిమ్ టేపు వేయించండి. పదకొండు సైకిళ్లకి ఇంతకంటే తక్కువ ఖర్చులో ఇంత మేలు చేసే పని ఇంకోటి లేదు.

బ్రేకు పట్టే తీరు: మలుపుకి ముందు సూటి రోడ్డు మీద రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి వేగం తగ్గించండి, మలుపులోకి వెళ్లేముందు వదిలేయండి. పట్టి, వదిలి, మళ్లీ పట్టాలి. వదిలిన ఆ కొద్ది క్షణాల్లోనే రిమ్ము చల్లబడేది. ముందు బ్రేకుకి భయపడి వెనకది మాత్రమే పట్టేవాళ్లుంటారు. దిగుడులో బరువు ముందుకి వాలుతుంది, వెనక చక్రం తేలికై జారిపోతుంది. నడుము వెనక్కి జరిపి, పెడళ్లు సమంగా ఉంచి, రెండూ పట్టడం ముందే చిన్న దిగుడులో నేర్పించండి. సింహాచలం కొండ దారి మీకు దగ్గరే, వాహనాలు తక్కువున్న వేళ చూసుకుని అక్కడ సాధన చేయొచ్చు.

వీ-బ్రేకులు నమ్మకమైనవే, బాగుంటే. రబ్బరు మీద గాడి అరిగిపోతే మార్చాలి. రబ్బరు రిమ్ముకి 1–2 మి.మీ. దూరంలో ఉండాలి, టైరుని తాకకూడదు. రబ్బర్లో గుచ్చుకున్న అల్యూమినియం ముక్కలు సూదితో తీసేయండి, అవే రిమ్ముని కోసేది. లీవరు లోపల కేబుల్ చివర ఒక్క తీగ తెగి కనిపించినా కొత్తది వేయండి. ఎంటీబీ డిస్కు కేబులుతో పనిచేసేదైతే ప్యాడ్ అరిగేకొద్దీ లోపలి ప్యాడ్ నాబ్ తిప్పి దగ్గరికి తేవాలి. కేబుల్ బిగిస్తే సరిపోదు, లోపలి ప్యాడ్ కదలదు. చైనుకి స్ప్రే కొట్టేటప్పుడు డిస్కు మీద పడితే ఆ ప్యాడ్లు ఇక పనికిరావు. స్ప్రే ఇంట్లో పెట్టేసి చుక్కలుగా వేసే నూనె తెచ్చుకోండి.

చివరి చక్రం:

గుంపు నడిపించడం గురించి. పదకొండు మంది ఒకే వరసగా పోవద్దు. అయిదుగురు, ఆరుగురు చొప్పున రెండు జట్లు చేయండి, ఘాట్ తెలిసిన ముగ్గురిలో ఒక్కొక్కరు ఒక్కో జట్టుకి ముందు, మూడో ఆయన అందరి వెనక. ఆయన వెనక ఎవరూ ఉండకూడదు, ఆయన ఎవరినీ దాటకూడదు. పనిముట్ల సంచి, మందుల పెట్టె ఆయన దగ్గరే ఉండాలి. చాలామంది బలమైనవాణ్ణి ముందు పెడతారు. బలమైనవాడు వెనక ఉండాలి, ఎందుకంటే అవసరమైతే వెనక్కి రెండు కిలోమీటర్లు దిగి మళ్లీ ఎక్కగలిగేది అతనే.

ఎక్కుడులో ఎవరి వేగం వారిదే. చదును మీద ముందువాడి వెనక దాక్కుంటే గాలి తగ్గి లాభం ఉంటుంది. గంటకు 8 కి.మీ. వేగంలో ఆ లాభం లేదు, పక్కవాడితో సమానంగా తొక్కాలని చూసి అలిసిపోవడమే ఉంటుంది. కలుసుకునే చోట్లు ముందే పేర్లతో రాసుకోండి: ఎస్.కోట, త్యాడ, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట. "గంటకోసారి ఆగుదాం" అంటే ఒకరు మలుపులో, ఒకరు వంతెన మీద ఆగుతారు. చోటు చెబితే అందరూ అక్కడికే వస్తారు. వచ్చాక తలలు లెక్కపెట్టాలి. చివరి మనిషి వచ్చాక పది నిమిషాలు ఆగి కదలాలి. చివర వచ్చినవాడు వచ్చీ రాగానే మిగతావాళ్లు బయలుదేరితే, అందరికంటే ఎక్కువ విశ్రాంతి కావాల్సినవాడికి అందరికంటే తక్కువ దొరుకుతుంది. మధ్యాహ్నానికి అతను ఆగిపోవడానికి కారణం ఇదే.

ఫోను సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. కాబట్టి చీలిక దారి వచ్చిన ప్రతి చోటా, బొర్రా వైపు మళ్లే చోటుతో సహా, వెనక మనిషి కంటబడేదాకా ముందు మనిషి కదలకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే ఎవరూ తప్పిపోరు.

హెయిర్‌పిన్ మలుపులో లోపలి అంచు బాగా నిటారుగా ఉంటుంది. ఎదురు బండి లేదని కనిపిస్తే కాస్త రోడ్డు మధ్యకి జరిగి ఎక్కితే తేలిక. కనిపించకపోతే జరగొద్దు, ఎడమ అంచునే దిగి నడవండి, నామోషీ ఏమీ లేదు. బస్సు మలుపు తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు లోపలి అంచుకి జరిగి వస్తాయి, లోపలి పక్క సందులో ఇరుక్కోవద్దు. మలుపులో ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగొద్దు. చైను పడ్డా సరే, సూటి రోడ్డు దాకా తోసుకెళ్లి అక్కడ సరిచేసుకోవాలి.

దిగేటప్పుడు ఇద్దరి మధ్య నాలుగు సెకన్ల దూరం. గంటకు 30 కి.మీ. వేగంలో అది 33 మీటర్లు, మీరు ఊహించుకునేదానికంటే చాలా ఎక్కువ. దాటడం లేదు. ఘాట్ సగంలో ఒకసారి అందరూ ఆగి రిమ్ముకి దగ్గరగా చెయ్యి పెట్టి వేడి చూసుకోండి, డిస్కుని మాత్రం ముట్టుకోవద్దు.

సామాను బండి మీ వెనక పాకుతూ రాకూడదు. ఘాట్‌లో గంటకు 8 కి.మీ. వేగంతో ఒక బొలెరో నడిస్తే దాని వెనక బస్సులు చేరతాయి, విసిగి మలుపులో దాటుతాయి, దాటి నేరుగా మీ మీదకి వస్తాయి. రక్షణ అనుకున్నదే ప్రమాదం తెస్తుంది. బండి ముందుగా తర్వాత కలిసే చోటుకి పోయి, రోడ్డు దిగి ఆగాలి. చివరి మనిషి దాటాకే కదలాలి. డ్రైవరుకి కలిసే చోట్ల కాగితం ఇవ్వండి. ఏ సైకిలు పాడైనా ఎక్కించేలా వెనక ఖాళీ, రెండు దుప్పట్లు, తాళ్లు ఉంచండి.

పెందుర్తి పెడల్:

చాలా ధన్యవాదాలండీ అందరికీ. నాలుగు రోజులకి మార్చేశాం, బండి ముందే పంపుతాం. గేర్లు లేని సైకిలాయన హైబ్రిడ్‌కి ఒప్పుకున్నారు. టైర్లలో గాలి ఎంత ఉంచాలి, దారిలో షాపులు దొరుకుతాయా, విడి భాగాలు ఏం మోయాలి? తిండి, నీళ్ల గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

స్పోకు కీ:

70 కిలోల మనిషికి 28 ఎం.ఎం. టైరులో 75 పీఎస్ఐ, 32లో 65, 35–38లో 50–55. ముందు చక్రంలో అయిదు తక్కువ. రాయి గట్టుకి కొట్టుకుని ట్యూబుకి రెండు పక్కపక్క చీలికలు వస్తే గాలి తక్కువైందని అర్థం. కంకర మీద చక్రం ఎగిరెగిరి పడితే ఎక్కువైందని.

ఊళ్లలో సైకిలు షాపులున్నాయి గానీ అవి మామూలు సైకిళ్లకి. పంపు మీ సన్నటి ప్రెస్టా వాల్వుకి పట్టదు. ఇత్తడి అడాప్టరు చిన్నది ఒక్కొక్కరూ వాల్వు మూతకి బదులు బిగించుకోండి, అప్పుడు బైకు పంక్చరు షాపులోనూ గాలి పట్టించుకోవచ్చు, కాకపోతే కంప్రెసర్ గాలి కొద్దికొద్దిగా పట్టించాలి.

ఒక్కొక్కరి దగ్గర: తన సైజు ట్యూబులు రెండు, టైరు లీవర్లు, ప్యాచీలు, ఒక జత బ్రేకు రబ్బర్లు. జట్టుకో పంపు. ఉమ్మడి సంచిలో చైను టూలు, గేరు కేబుళ్లు రెండు, బ్రేకు కేబుళ్లు రెండు, స్పోకు కీ, జిప్ టైలు, పాత టైరు నుంచి కోసిన అరచేతి ముక్క రెండు (టైరు పక్క చీలితే లోపల పెట్టడానికి). చైను క్విక్ లింకులు (తెగిన చైనుని కలిపే లంకెలు) గేర్ల సంఖ్యని బట్టి వేరు: ఏడు-ఎనిమిది గేర్లవి ఒక రకం, రోడ్ బైకులవి వాటి గేర్లకి తగ్గవి. హ్యాంగర్ ఒక మోడలుది ఇంకో మోడలుకి పట్టదు, హైబ్రిడ్లన్నీ ఒకే కంపెనీవైనా విప్పి పక్కపక్కన పెట్టి చూశాకే ఒకటి చాలా, మూడు కావాలా తేల్చండి. బండిలో 700సీ టైరు ఒకటి, ఎంటీబీ టైరు ఒకటి.

ఉప్పునీళ్లు:

తిండి గురించి. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం, అరలీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు. ఒక మామూలు అరటిపండులో 20–25 గ్రాములు, 25 గ్రాముల బెల్లం ముక్కలో ఇరవై చిల్లర. పల్లీ పట్టీలు మంచివే గానీ నూనె గింజ కాబట్టి నెమ్మదిగా అరుగుతాయి, ఎక్కుడు మొదలవక ముందే తినాలి. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే. ఎక్కుడు మధ్యలో ఒక్కసారిగా చేతులు వణికి, కళ్లు తిరిగి, కాళ్లు కదలకపోతే ఒంట్లో చక్కెర అయిపోయిందని. వెంటనే ఆపి బెల్లం నీళ్లు ఇచ్చి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి.

పొద్దున్న ఇడ్లీ, ఉప్మా సరే. పూరీ, మైసూరు బజ్జీ ఘాట్ ముందు వద్దు. చోడి (రాగి) అంబలి దొరికితే తప్పకుండా తాగండి, ఉప్పు, నీళ్లు, పిండి మూడూ అందులోనే ఉన్నాయి. బొంగులో చికెన్ సాయంత్రం బసకి చేరాకే.

ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లకి ఒకటి, సగం పొట్లం సీసాలో పోసి ఊపొద్దు. పొట్లం లేకపోతే లీటరుకి అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల పంచదార. ఎక్కుడు రోజున ఒక్కొక్కరూ రెండు సీసాలు మోయాలి. వాగుల నీళ్లు చూడ్డానికి తేటగా ఉన్నా తాగొద్దు.

ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం అయిదు నుంచి పొడుగు చేతుల చొక్కా, పాదాలకి కూడా దోమల క్రీము, బసలో దోమతెర ఉందో లేదో అడగండి. తిరిగొచ్చాక వారం నుంచి నెల లోపు చలితో జ్వరం వస్తే, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి ముందే చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. దారిలో ప్రభుత్వ ఆసుపత్రులు ఎస్.కోట, అరకు, పాడేరు, చింతపల్లి, నర్సీపట్నంలో ఉన్నాయి. అంబులెన్సుకి 108.

తూర్పుకనుమ:

ఒక చేర్పు. పాడేరులో ఎవరికైనా బాగోకపోయినా, వాతావరణం చెడినా లంబసింగి పట్టు పట్టొద్దు. పాడేరు ఘాట్ దిగి మాడుగుల వైపు, చోడవరం మీదుగా విశాఖ 110–115 కి.మీ. ఒక రోజు మిగులుతుంది. నవంబరు తుపాన్ల నెల కూడా. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వింటే రెండు రోజులు వాయిదా వేయండి. ఘాట్‌లో వాన పడితే కొండ చరియల మట్టి రోడ్డు మీదకి వస్తుంది, దాని మీద సన్న టైరు నిలవదు.

చివరి చక్రం:

లంబసింగి దిగే రోజు గురించి మరో మాట, అందరూ అక్కడే తొందరపడతారు. 115 కి.మీ. ఉందని తెల్లవారుజామున 5కి కదలాలనిపిస్తుంది. కదలకండి. మంచు ఎనిమిది, తొమ్మిది దాకా ఉంటుంది, ఎదురొచ్చే కార్లకి మీరు కనబడరు. యాభై మీటర్ల అవతల ఉన్న చెట్టు స్పష్టంగా కనబడేదాకా ఆగండి. వెలుతురు వచ్చాక కూడా ముందు, వెనక లైట్లు వేసే ఉంచండి.

మంచుకి రిమ్ములు తడిసి ఉంటాయి. తడి రిమ్ము మొదటి తిప్పులో బ్రేకు పట్టదు, కాబట్టి మలుపుకి చాలా ముందే ఒకసారి తేలిగ్గా పట్టి నీళ్లు తుడిచేయాలి. కాఫీ తోటల నీడ పడే మలుపుల్లో సిల్వర్ ఓక్ ఆకులు తడిసి పడుంటాయి, వాటి మీద బ్రేకు పట్టొద్దు, సైకిలు వాల్చొద్దు. వేళ్లన్నీ కప్పే చేతిగ్లవ్వులు ప్రతి ఒక్కరికీ ఉండాలి. పది నిమిషాలు చల్లగాలిలో దిగితే వేళ్లు కొయ్యబారి లీవరు పట్టు తెలియదు. చెమటకి తడిసిన బనీను మార్చుకుని, పైన గాలి ఆపే జాకెట్టు వేసుకుని దిగాలి. డౌనూరులో అన్నీ తీసి బండిలో వేసేయండి, అక్కడి నుంచి ఎండ, ఉక్క.

ముందురోజు సాయంత్రం పదకొండు సైకిళ్ల బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు, చక్రాల క్విక్ రిలీజులు (చక్రాన్ని బిగించే లీవర్లు) ఒకరే వరసగా చూడాలి. ఎవరిది వాళ్లు చూసుకుంటే అలిసిపోయి ఇద్దరు, ముగ్గురు వదిలేస్తారు. చూసిన సైకిలు హ్యాండిల్‌కి దారం ముక్క కట్టండి. దారం లేని సైకిలు పొద్దున్న బండిలో ఎక్కి దిగాలి.